రోహిణి కార్తెలో ప్రాసెసర్ వేగం



ఈరోజు మాట్లాడుకోబోయేది డెస్క్‌టాప్ కంప్యూటర్ లోపల ఉండే ప్రాసెసర్ గురించి. కంపెనీ నిర్ణయించిన వేగం కన్నా ఎక్కువ వేగంతో దాన్ని నడిపించడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. నీళ్ల గొట్టాలూ పంపులూ లేకుండా, మామూలు ఫ్యాన్ గాలితోనే చల్లబరుస్తూ ఆ పని క్షేమంగా ఎలా చేయాలి, ఎక్కడ ఆపాలి అన్నదే ఈ ప్రసంగం. అందులోనూ అనకాపల్లిలో కూర్చుని చేసేవాళ్ల కోసం.

అనకాపల్లి పేరు ప్రత్యేకంగా ఎందుకంటే, ఈ విషయం మీద మన కుర్రాళ్లకు దొరికే సలహాల్లో చాలావరకు చలిదేశాల నుంచి వచ్చినవే. అక్కడ గదిలో వేడి 20, 22 డిగ్రీలు. ఫలానా ప్రాసెసర్‌ను ఇంతవరకు పెంచవచ్చని వాళ్లు చెప్పే అంకె ఆ గదికి సరిపోయే అంకె. శారదా నది ఒడ్డున, సముద్రం నుంచి చెమ్మగాలి వచ్చే మన ఊళ్లో ఏసీ లేని గది ఏప్రిల్, మే నెలల్లో ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. గాలితో చల్లబడే యంత్రానికి ఆ గాలే ఆధారం. కాబట్టి ప్రాసెసర్ ఎంత వేగంగా పరుగెత్తగలదన్నది పెట్టె మీద అచ్చువేసిన అంకె ఒక్కటే తేల్చదు. మీ గదిలో గాలి తేలుస్తుంది.

ఈ వేగం ఎవరికి కావాలి? ఆటలు ఆడే పిల్లలకు కావాలి. త్రీడీ బొమ్మలు గీసే ఇంజనీరింగ్ విద్యార్థులకు కావాలి. అందరికన్నా ఎక్కువగా, పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే స్టూడియోల వాళ్లకు కావాలి. వాళ్ల పని గమనించండి. వైశాఖంలో, జ్యేష్ఠంలో ముహూర్తాలు వరసగా ఉంటాయి. గంటల కొద్దీ వీడియో కూర్చి, రంగులు సరిచేసి, ఎక్స్‌పోర్ట్ చేయాలి. ప్రాసెసర్ రాత్రింబగళ్లు పూర్తి బరువు మోసే రోజులవి. సరిగ్గా అవే ఏడాదిలో ఎక్కువ ఎండ కాసే రోజులు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు అన్నారు. మన కంప్యూటర్‌కు అసలు పరీక్ష ఆ కార్తెలోనే. సంక్రాంతి సెలవుల్లో చల్లటి రాత్రి పెట్టుకున్న వేగం ఆ పరీక్షకు నిలవాలి. నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే. మిగిలినదంతా దీనికి వివరణ.

ముందు ఈ వేగం ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. కంప్యూటర్‌లో గడియారం లాంటి సంకేతం ఒకటి పుడుతుంది. ఇప్పటి యంత్రాల్లో అది సెకనుకు 10 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. అంటే 100 మెగాహెర్ట్జ్. ప్రాసెసర్ దాన్ని ఒక అంకెతో హెచ్చవేసుకుంటుంది. ఆ అంకె 36 అయితే వేగం 3,600 మెగాహెర్ట్జ్, అంటే 3.6 గిగాహెర్ట్జ్. ఆ అంకెను 38, 40 చేస్తే వేగం పెరుగుతుంది. ఓవర్‌క్లాకింగ్‌లో చేసే పని ప్రధానంగా ఇంతే. చేయడం ఒక నిమిషం పని. దాన్ని నిలబెట్టడమే అసలు పని.

పెంచడానికి చోటు ఎందుకు ఉంటుంది? ఒకే సిలికాన్ పలక మీద తయారైన చిప్‌లన్నీ ఒకేలా ఉండవు. కొన్ని చురుకైనవి, కొన్ని మందకొడివి. పెట్టె మీద రాసిన వేగం అన్నిటికన్నా మందకొడి చిప్‌లో కూడా, వేడి ప్రదేశంలో కూడా, ఏళ్ల తరబడి నిలవాలి. అందుకని కంపెనీ కొంత చోటు వదిలిపెడుతుంది. ఓవర్‌క్లాకింగ్ అంటే ఆ వదిలిన చోటును మనం వాడుకోవడం. అయితే ఆ చోటులో కొంత భాగాన్ని మన ఎండ ముందే వాడేసుకుంటుందని మరిచిపోకూడదు.

ఒకప్పుడు ఈ చోటు చాలా ఉండేది. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ అనే చవక ప్రాసెసర్ తెచ్చింది. దాని వేగం 300 మెగాహెర్ట్జ్. మదర్‌బోర్డులో 66గా ఉన్న గడియారాన్ని 100 చేస్తే అది 450 మెగాహెర్ట్జ్‌తో నడిచేది. దానికన్నా ఎంతో ఖరీదైన పెంటియం 2 ఇచ్చే వేగం అదే. చాలామందికి ఓవర్‌క్లాకింగ్ మీద మోజు మొదలైంది ఆ చిప్‌తోనే. మళ్లీ 2011 జనవరిలో కోర్ ఐ5 2500కె వచ్చింది. దాని మామూలు వేగం 3.3 గిగాహెర్ట్జ్. మంచి ఎయిర్ కూలర్ పెట్టి దాన్ని 4.5 దాకా తీసుకెళ్లినవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. ఆ తర్వాత కంపెనీలే తెలివి మీరాయి. ప్రాసెసర్ తన వేడినీ తనకు అందే కరెంటునూ తానే చూసుకుంటూ వీలైనప్పుడల్లా వేగం పెంచుకునే టర్బో పద్ధతికి పదును పెట్టాయి. ఇప్పటి ప్రాసెసర్లు కొన్నప్పుడే అంచుకు దగ్గరగా నడుస్తాయి. మనకు మిగిలే చోటు కొంచెమే. ఆ కొంచెం కోసం ఎంత వేడి భరించాలో లెక్క వేసుకున్నవాడే తెలివైనవాడు.

ఆ లెక్క కష్టమైనదేమీ కాదు. ప్రాసెసర్ తీసుకునే విద్యుత్తు వేగాన్ని బట్టి పెరుగుతుంది. వోల్టేజీని బట్టి అయితే వర్గం లెక్కన పెరుగుతుంది. వేగం 10 శాతం పెంచారనుకోండి. ఆ వేగం నిలబడడానికి వోల్టేజీ కూడా 10 శాతం పెంచాల్సి వచ్చిందనుకోండి. 1.1ని 1.1తో, మళ్లీ 1.1తో గుణించండి. 1.33 వస్తుంది. అంటే 10 శాతం వేగానికి 33 శాతం ఎక్కువ వేడి. ఈ లెక్కను తప్పించుకోవడం కంపెనీల వల్ల కూడా కాలేదు. 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 తెస్తామని ప్రకటించిన ఇంటెల్ 2004 అక్టోబరులో ఆ ఆలోచన మానుకుంది. అప్పటి పెంటియం 4 చిప్‌లకు వేడి పెద్ద సమస్యగా ఉండేది. అక్కడి నుంచి దారి మారి, ఒక్క కోర్‌ను ఇంకా ఇంకా వేగంగా పరిగెత్తించే బదులు రెండు, నాలుగు, ఎనిమిది కోర్లు పెట్టడం మొదలైంది.

ఇప్పుడు ఎయిర్ కూలర్ సంగతి. ప్రాసెసర్ నెత్తిన రాగి దిమ్మ ఉంటుంది. దానిలోంచి రాగి గొట్టాలు పైకి లేచి పల్చటి అల్యూమినియం రేకుల గుండా వెళతాయి. ఆ గొట్టాలు ఉత్త రాగి కడ్డీలు కావు. లోపల గాలి తీసేసి కొద్దిగా ద్రవం ఉంచుతారు. కింద వేడికి అది ఆవిరై పైకి పోతుంది, రేకుల దగ్గర చల్లబడి మళ్లీ ద్రవమై గొట్టం గోడల వెంట కిందికి వస్తుంది. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ ఈ వేడి గొట్టాన్ని రూపొందించి చూపించాడు. అంతరిక్ష నౌకల కోసం ఆలోచించిన ఆ సాధనం ఈరోజు మన టేబుల్ కింద పనిచేస్తోంది. రేకుల మీదికి ఫ్యాన్ గాలి తోసి ఆ వేడిని గదిలోకి పంపుతుంది.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా పట్టుకోవాలి. ఎంత పెద్ద ఎయిర్ కూలర్ అయినా ప్రాసెసర్‌ను గది గాలి కన్నా చల్లగా చేయలేదు. గది వేడికి తోడు ఎంత పెరుగుతుందో, ఆ పెరుగుదలను తగ్గించడమే దాని పని. ఒక ఉదాహరణ చెబుతాను. మీ కూలర్ ఒక్కో వాట్‌కు 0.3 డిగ్రీల చొప్పున వేడి పెరగనిస్తుందనుకుందాం. ప్రాసెసర్ 130 వాట్లు తీసుకుంటే పెరుగుదల 39 డిగ్రీలు. క్యాబినెట్ లోపల గాలి గది కన్నా 5 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుందనుకుందాం. జనవరి రాత్రి గది 24 డిగ్రీలు. మొత్తం 68. హాయిగా ఉంది. ఇప్పుడు మనం ఇందాక అనుకున్న 10 శాతం ఓవర్‌క్లాక్ చేశాం. 130 వాట్లు 173 అయ్యాయి. పెరుగుదల 52 డిగ్రీలు, మొత్తం 81. ఫర్వాలేదు అనిపిస్తుంది. అదే అమరిక మే నెల మధ్యాహ్నానికి వచ్చేసరికి, గది 37 అయితే మొత్తం 94. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి హద్దు 100 డిగ్రీలు. ఏఎండీ రైజెన్ 5000 శ్రేణిలో ఎక్కువ వాటికి 90, రైజెన్ 7000 శ్రేణిలో 95. హద్దు తగలగానే ప్రాసెసర్ తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. సంక్రాంతికి సంపాదించుకున్న వేగం వైశాఖం పెళ్లిళ్ల నాటికి చేతిలో ఉండదు. వేడి మాత్రం ఉంటుంది.

గదిలో ఏసీ ఉంది కదా అనవచ్చు. ఏసీ 26లో పెట్టుకుంటే ఈ లెక్క 83కి వస్తుంది, నిజమే. కానీ కరెంటు పోయినప్పుడు ఏసీ ఆగుతుంది, యూపీఎస్ మీద కంప్యూటర్ నడుస్తూనే ఉంటుంది. ఇన్వర్టర్ ఉన్న స్టూడియోల్లో అలా గంటల తరబడి నడవవచ్చు. అందుకని ఏసీ ఆగిన గదికే లెక్క వేసుకోండి.

కొందరు మంచు ముక్కలు, చల్లటి నీళ్లు అని ప్రయోగాలు చేస్తారు. మన ఊరికి అది పనికిరాదు, ప్రమాదం కూడా. మన దగ్గర వేసవిలో గాలి నిండా చెమ్మ. ఉక్కపోత రోజుల్లో 25, 26 డిగ్రీల కన్నా చల్లబడిన ఏ వస్తువు మీదైనా నీటి బిందువులు పడతాయి. చల్లటి నీళ్ల సీసా టేబుల్ మీద పెడితే కింద మడుగు కట్టేది అందుకే. ఆ బిందువులు మదర్‌బోర్డు మీద పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. 2011లో ఏఎండీ ఎఫ్ఎక్స్ ప్రాసెసర్‌ను ద్రవ హీలియంతో గడ్డకట్టించి 8.429 గిగాహెర్ట్జ్ దాకా నడిపించి గిన్నిస్ రికార్డు తెచ్చుకున్నారు. అది కాసేపు నిలిచిన ప్రదర్శన. మర్నాడు పొద్దున మళ్లీ పనిచేయాల్సిన మన కంప్యూటర్‌కు అది దారి కాదు. ఎయిర్ కూలర్‌తో ఈ భయం లేదు. నడుస్తున్నంతసేపూ దాని రేకులు గది గాలి కన్నా వెచ్చగానే ఉంటాయి కాబట్టి వాటి మీద నీరు చేరదు. తేమ ఎక్కువ ఉండే కోస్తా ఊళ్లకు అది మంచి గుణం. ఇంట్లో నీళ్లు పోసి నడిపే గది కూలర్‌ను మాత్రం క్యాబినెట్ పక్కన పెట్టకండి. కోస్తాలో అది చల్లబరిచేది తక్కువ, చెమ్మ పెంచేది ఎక్కువ.

తేమతో బాటు దుమ్ము. వానాకాలం గాలిలో చెమ్మకు బెల్లం దిమ్మ ఎలా కారిపోతుందో మన బెల్లం మార్కెట్‌లో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఆ చెమ్మే కూలర్ రేకుల మీది దుమ్మును జిగటగా పట్టి ఉంచుతుంది. బెల్లం వండే రోజుల్లో చుట్టుపక్కల ఊళ్లలో పొయ్యిల కింద చెరకు పిప్పి మండుతుంది. ఆ నుసి కూడా గాలిలో కలుస్తుంది. పూడిమడక వైపు తీరం దగ్గర ఉండేవాళ్లకు ఉప్పుగాలి అదనం. రేకుల సందులు పూడుకుపోయిన కూలర్‌తో ఓవర్‌క్లాకింగ్ చేయబోవడం అనవసరం. ముందు ప్లగ్ తీసేసి, క్యాబినెట్ ఇనుపభాగాన్ని ముట్టుకుని ఒంట్లోని స్థిర విద్యుత్తు పోనిచ్చి, బ్లోయర్‌తో దుమ్ము ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య ఉండే థర్మల్ పేస్టు ఏళ్లు గడిస్తే ఎండిపోతుంది. పాతది స్పిరిట్‌తో పూర్తిగా తుడిచి, బఠానీ గింజంత కొత్తది మధ్యలో పెట్టి, కూలర్ స్క్రూలను ఒక మూల తర్వాత ఎదుటి మూల చొప్పున కొద్దికొద్దిగా బిగించండి.

క్యాబినెట్ ఎక్కడ పెట్టారన్నది కూడా ముఖ్యమే. చాలా ఇళ్లలో కంప్యూటర్ టేబుల్ కింద చెక్క అర ఉంటుంది. తలుపు వేసి, వెనక గోడకు ఆనించి పెడతారు. లోపల వదిలిన వేడిగాలినే అది మళ్లీ పీల్చుకుంటుంది. క్యాబినెట్‌ను ఆ అరలోంచి బయటికి తీసి, గోడకు జానెడు దూరంగా, నేల మీది దుమ్ముకు అందకుండా ఒక పీట మీద పెట్టండి. ముందు నుంచి చల్లగాలి లోపలికి, వెనక నుంచీ పై నుంచీ వేడిగాలి బయటికి పోయేలా ఫ్యాన్లు అమర్చండి. లోపలికి తెచ్చే గాలి కొంచెం ఎక్కువగా ఉండి, ఆ ఫ్యాన్లకు జాలీ ఉంటే దుమ్ము తగ్గుతుంది. వోల్టేజీ పిసరంత కూడా పెంచకుండా ఈ పనులతోనే కొన్ని డిగ్రీలు దిగుతుంది. దిగినంత మేరా టర్బో తనంతట తానే వేగం ఇస్తుంది.

ఇక అసలు పద్ధతి. మొదట మీ యంత్రానికి ఆ వీలు ఉందో లేదో చూసుకోండి. ఇంటెల్‌లో పేరు చివర కె అనే అక్షరం ఉన్న ప్రాసెసర్లకూ, జెడ్ శ్రేణి మదర్‌బోర్డులకూ వేగం మార్చే వీలు ఉంటుంది. ఏఎండీలో రైజెన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు చాలావరకు మార్చుకోవడానికి వీలైనవే. మదర్‌బోర్డు మాత్రం బి శ్రేణి గానీ ఎక్స్ శ్రేణి గానీ కావాలి. ఏ320, ఏ520 లాంటి బోర్డుల్లో కుదరదు. బోర్డు మీద ప్రాసెసర్‌కు కరెంటు అందించే భాగాలకు హీట్‌సింక్ లేకపోతే ఆగిపోండి. ప్రాసెసర్ కన్నా ముందు అవే కాలవచ్చు.

రెండోది కొలత. ఏదీ మార్చకముందు, మామూలు వేగంతో, హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి సాధనంలో ప్రాసెసర్ వేడి, వాట్లు, వోల్టేజీ, వేగం చూసి కాగితం మీద రాయండి. పక్కనే గది వేడి కూడా రాయండి. చవకైన గది థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. గది వేడి రాయని కొలతకు విలువ లేదు. సినీబెంచ్ లాంటి పరీక్ష నడిపి ఎన్ని మార్కులు వచ్చాయో రాసుకోండి. మీరు రోజూ చేసే పనినే, ఒక పాట వీడియో ఎక్స్‌పోర్ట్ చేయడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూసుకుంటే ఇంకా మంచిది.

మూడోది పెంచడం. బయోస్‌లో, అంటే మదర్‌బోర్డు అమరికలు మార్చే చోట, హెచ్చవేసే అంకెను ఒక్కటి పెంచండి, అంటే 100 మెగాహెర్ట్జ్. వోల్టేజీ జోలికి పోకండి. అరగంట బరువైన పరీక్ష పెట్టండి. ప్రైమ్95, ఓసీసీటీ లాంటివి ఇందుకు పనికొస్తాయి. నిలిస్తే ఇంకొక్కటి పెంచండి. ఎక్కడో ఒకచోట యంత్రం ఆగిపోతుంది, లేదా తెర నీలమవుతుంది, లేదా పరీక్షలో తప్పు చూపిస్తుంది. అక్కడ రెండు దారులు ఉన్నాయి. ఒకటి, ఒక మెట్టు కిందికి దిగి సంతృప్తి పడడం. రెండోది, వోల్టేజీ కొద్దిగా పెంచడం. మొదటి దారే పట్టమని నా సలహా. ఇందాక వేసిన లెక్కలో వేడి ఎక్కువగా తెచ్చేది వోల్టేజీయే. పెంచితీరాలనుకుంటే వోల్ట్‌లో నూరో వంతు చొప్పున పెంచండి. బోర్డులో ఆటో అని వదిలేయకండి, కొన్ని బోర్డులు అవసరానికి మించి ఇస్తాయి. 32 నానోమీటర్ల నాటి 2011 చిప్‌కు ఎవరో వాడిన వోల్టేజీని 7 నానోమీటర్ల చిప్‌కు పెట్టకండి. గీతలు సన్నబడిన కొద్దీ అవి ఓర్చుకునే వోల్టేజీ తగ్గుతుంది.

నాలుగోది, నిలకడ పరీక్ష. యంత్రం ఆగిపోలేదు కాబట్టి అంతా బాగుందనుకోవద్దు. అంచున నడిచే ప్రాసెసర్ ఆగకుండానే తప్పు లెక్కలు చేయగలదు. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్ఈఏ పేరుతో నమోదయ్యే హార్డ్‌వేర్ తప్పులు చూడండి. ఒక్కటి కనిపించినా వెనక్కి తగ్గండి. తప్పు లెక్క ఫైల్‌లోకి వెళితే ఫైల్ పాడవుతుంది. ఆ డిస్క్‌లో ఉన్నది ఇంకొకరి పెళ్లి. తాళి కట్టే క్షణాన్ని మళ్లీ తీయమని ఎవరినీ అడగలేం. పరాయివాళ్ల వస్తువు చేతిలో పెట్టుకుని పనిచేసేవాళ్లు అంచున నడవకూడదు. పరీక్షలు జరిపే రోజుల్లో అసలు వీడియోలు వేరే డిస్క్‌లో భద్రంగా ఉంచి, దాన్ని కంప్యూటర్ నుంచి విడదీసి పెట్టండి.

ఐదోది కాలం. 1913 నుంచి మన ఊళ్లో చెరకు పరిశోధన జరుగుతోంది. ఒక్క మంచి ఏడాది పండిందని ఏ చెరకు రకాన్నీ రైతులకు ఇచ్చేయరు. వేర్వేరు నేలల్లో, వేర్వేరు కాలాల్లో నిలిచిందా అని చూసి ఇస్తారు. మీ ఓవర్‌క్లాక్‌కు కూడా ఆ ఓపిక చూపించండి. బయోస్‌లో అమరికలను వేర్వేరు పేర్లతో దాచుకునే వీలు చాలా బోర్డుల్లో ఉంటుంది. చలికాలానికి ఒకటి, వేసవికి ఒకటి దాచుకోండి. ఉగాది రాగానే వేసవి అమరికకు మారండి. జనవరిలో పరీక్షిస్తున్నప్పుడు ఎక్కువలో ఎక్కువ వేడి 75 దాటకుండా చూసుకుంటే, గది 13 డిగ్రీలు పెరిగినా మే నెలలో 90 లోపు ఉంటారు. ఈ ఒక్క నియమం పాటిస్తే చాలా బాధలు తప్పుతాయి.

విద్యుత్తు సంగతి కూడా చెప్పాలి. ఊరూ పేరూ లేని ఎస్ఎంపీఎస్, అంటే పవర్ సప్లై, పెట్టిన యంత్రంలో ఓవర్‌క్లాకింగ్ వద్దు. 80 ప్లస్ గుర్తు ఉన్నది, తగినన్ని వాట్లది వాడండి. ఇంటి ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. మన దుకాణాల్లో ఎక్కువగా అమ్ముడుపోయే 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్లే ఇవ్వగలదు. ప్రాసెసర్ 173, గ్రాఫిక్స్ కార్డు 200, మానిటర్, డిస్కులు, ఫ్యాన్లు కలిపి ఇంకో 80. మొత్తం 453. కరెంటు పోయిన మరుక్షణం యూపీఎస్ చేతులెత్తేస్తుంది. బయోస్ అప్‌డేట్ చేస్తుండగా అలా జరిగితే బోర్డే పనికిరాకుండా పోవచ్చు. ఇక బిల్లు. 43 వాట్లు అదనంగా రోజుకు ఎనిమిది గంటలు నడిస్తే నెలకు 10 యూనిట్లు.

ఎక్కువ వోల్టేజీ ఏం చేస్తుందో తెలుసుకోవడానికి కంపెనీల అనుభవమే చాలు. 2023 ఏప్రిల్‌లో రైజెన్ 7000 శ్రేణి ఎక్స్‌త్రీడీ ప్రాసెసర్లు కొన్ని కాలిపోయాయి. మెమరీ వేగం పెంచే అమరిక పెట్టినప్పుడు కొన్ని బోర్డులు చిప్‌లోని ఒక భాగానికి ఎక్కువ వోల్టేజీ ఇచ్చాయి. ఏఎండీ దాన్ని 1.3 వోల్టులు దాటకుండా కట్టడి చేసే బయోస్ మార్పు తెప్పించింది. 2024లో ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో నిలకడ తప్పడానికి కారణం వోల్టేజీ పెరుగుదలేనని ఆ కంపెనీయే తేల్చింది. ఆగస్టు నుంచి మైక్రోకోడ్ సవరణలు ఇచ్చి, వారంటీ మరో రెండేళ్లు పొడిగించింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌లను ఆ సవరణ బాగుచేయలేదు. తయారుచేసినవాళ్లకే తప్పని ఇబ్బంది ఇది. కాబట్టి ఏ ప్రయోగానికైనా ముందు బయోస్ కొత్తదో కాదో చూడండి. మనంతట మనం వేగం పెంచితే వారంటీ పోవచ్చని కూడా గుర్తుంచుకోండి.

లోపల జరిగేది ఇది. చిప్‌లో లోహపు తీగలు వెంట్రుక కన్నా ఎన్నో వందల రెట్లు సన్నం. ఎక్కువ కరెంటు, ఎక్కువ వేడి కలిసి ఆ తీగల్లోని పరమాణువులను నెమ్మదిగా పక్కకు నెడతాయి. ఏళ్లు గడిచేసరికి తీగ సన్నబడి, అంతకుముందు నిలిచిన వేగం నిలవకుండా పోతుంది. 1969లో జేమ్స్ బ్లాక్ అనే ఇంజనీరు ఈ అరుగుదలకు సమీకరణం ఇచ్చాడు. వేడి పెరిగిన కొద్దీ ఆయుష్షు చాలా వేగంగా తగ్గుతుందని అది చెబుతుంది. వేడి ఊళ్లో ఉన్న మనం దీన్ని ఇంకాస్త గట్టిగా వినాలి.

ఇప్పుడు మన ఊరికి అన్నిటికన్నా సరిపోయే దారి చెబుతాను. వేగం అలాగే ఉంచి, లేదా కొద్దిగానే పెంచి, వోల్టేజీని తగ్గించడం. దీన్ని అండర్‌వోల్టింగ్ అంటారు. కంపెనీ మందకొడి చిప్‌ను కూడా దృష్టిలో పెట్టుకుని వోల్టేజీ ఇస్తుంది కదా. మీ చిప్ చురుకైనదైతే అంత అక్కర్లేదు. 5 శాతం వోల్టేజీ తగ్గితే అదే వేగానికి సుమారు 10 శాతం వేడి తగ్గుతుంది. తగ్గిన వేడిని చూసుకుని టర్బో ఎక్కువసేపు పై వేగంలో నిలుస్తుంది. అంటే వోల్టేజీ తగ్గించి వేగం సంపాదించినట్టు. రైజెన్‌లో కర్వ్ ఆప్టిమైజర్ అనేది ఈ పనే చేస్తుంది. ఇక్కడ కూడా ఒక్కో మెట్టు దిగుతూ, నిలకడ పరీక్షలన్నీ చేయాలి. గ్రాఫిక్స్ కార్డులకూ ఇదే దారి. విశాఖలో మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివిన రాజా కోడూరి 2015 నుంచి ఏఎండీ గ్రాఫిక్స్ విభాగానికి నాయకత్వం వహించారు. 2016లో ఆ విభాగం ఆర్ఎక్స్ 480 కార్డుతో పాటు వాట్‌మ్యాన్ అనే సాధనం ఇచ్చింది. వేగం, వోల్టేజీ, ఫ్యాన్ మూడూ వాడేవాళ్ల చేతికే అందించింది. ఆ కార్డు కొన్న చాలామంది దానితో వోల్టేజీ తగ్గించి, కార్డును చల్లగా, నిలకడగా నడిపించుకున్నారు.

వింటున్న విద్యార్థులకు చివరగా ఒక మాట. ఈ పనిలో మీరు నేర్చుకునేది వేగం పెంచడం ఒక్కటే కాదు. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చకముందు కొలవాలి, మార్చాక మళ్లీ కొలవాలి, రాసుకోవాలి. రేపు అచ్యుతాపురంలో ఏ ఫ్యాక్టరీలో చేరినా, హైదరాబాద్‌లో చిప్‌లు డిజైన్ చేసే సంస్థలో చేరినా ఈ క్రమశిక్షణే మీకు అన్నం పెడుతుంది. బయోస్ మార్పు తేడా చేసి యంత్రం తెరుచుకోకపోతే కంగారు పడకండి. ప్లగ్ తీసి, బోర్డు పుస్తకంలో చెప్పిన చోట సీమాస్ క్లియర్ చేస్తే చాలావరకు మొదటి స్థితికి వస్తుంది. ఆ పుస్తకం ముందుగా చదివి ఉండడం మీ బాధ్యత.

ఈ వారం ఒక పని చేయండి. దుమ్ము దులిపి, క్యాబినెట్‌ను చెక్క అరలోంచి బయట పెట్టి, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు పూర్తి బరువుతో నడిపి, గది వేడి ఎంత, ప్రాసెసర్ వేడి ఎంత అన్న రెండు అంకెలు రాయండి. వాటి మధ్య తేడా మీ కూలర్ సత్తువ. ఆ తేడాకు రోహిణి కార్తె వేడి కలిపి చూడండి. హద్దు కింద ఎంత మిగిలితే అంతే మీ చోటు. అందులో సగం వాడుకుని, సగం ఎండకు వదిలేయండి.